మాత్ర మింగితే ఒట్టు!

ఇడ్లీలో పెడితే ఇడ్లీ తిని మాత్ర వదిలేస్తుంది. అన్నంలో కలిపితే అన్నమే మానేస్తుంది. బలవంతంగా నోట్లో వేస్తే దవడ పక్కన దాచుకుని, మనం అటు తిరగ్గానే ఉమ్మేస్తుంది. కుక్కను పెంచుకునే ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు తప్పని పరీక్ష ఇది. నెగ్గాలంటే కండబలం కాదు, కాస్త కిటుకు తెలియాలి.

చెప్పులు కొరికినా, సోఫా చింపినా, పక్కింటి పిల్లిని తరిమినా 'మా టామీ అంతే' అని నవ్వేసి ఊరుకుంటాం. కానీ డాక్టరు రాసిచ్చిన ఒక్క మాత్ర మింగించాలంటే మాత్రం ఇంటిల్లిపాదీ నడుం బిగించాల్సిందే. నాన్న గట్టిగా పట్టుకుంటే, అమ్మ నోరు తెరుస్తుంది. పిల్లలు 'నేను వేస్తా, నేను వేస్తా' అంటూ చుట్టూ మూగుతారు. నానమ్మేమో పక్కన కూర్చుని 'మా బంగారుకొండవు కదూ, మింగెయ్ నాన్నా' అని బతిమాలుతుంది. ఎలాగైతేనేం, మాత్ర లోపలికి పోతుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు. మర్నాడు ఇల్లూడుస్తుంటే మంచం కింద అదే మాత్ర... తడిసి, రంగు వెలిసి!

వింటే నవ్వొస్తుంది. అది ఏదో విటమిన్ మాత్రయితే నవ్వుకుని వదిలేయొచ్చు కూడా. కానీ కొన్ని జబ్బుల్లో ఆ మంచం కింద దొరికిన మాత్రే ప్రాణం మీదికి తెస్తుంది.

56 పూటల పరీక్ష

మన ప్రాంతంలో కుక్కలకు తరచూ వచ్చే జబ్బుల్లో టిక్ ఫీవర్ ఒకటి. ఒంటిమీద పిడుదులు ఉంటాయి చూడండి... కొన్ని ఊళ్లలో గోమార్లు అంటారు. వాటి ద్వారానే ఒకరకం బ్యాక్టీరియా కుక్క రక్తంలో చేరుతుంది. దాని పేరు ఎర్లీషియా. ఇది సోకితే జ్వరం, నీరసం. తిండి సయించదు. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లు అంటే ఏంటో ఇప్పుడు ఇంటింటికీ తెలుసు. కుక్కకైనా అంతే. అవి బాగా తగ్గితే ముక్కులోంచి రక్తం కారొచ్చు, చర్మం కింద ఎర్రటి మచ్చలు తేలొచ్చు.

ఈ జబ్బును 1935లో అల్జీరియాలో మొదటిసారి గుర్తించారు. 1960ల చివర్లో వియత్నాం యుద్ధానికి అమెరికా సైన్యం తీసుకెళ్లిన జాగిలాలు, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్‌లు పెద్ద సంఖ్యలో చనిపోయింది దీనివల్లే.

మరి మందు లేదా అంటే... ఉంది. డాక్సీసైక్లిన్. మనుషులకూ వాడే మామూలు యాంటీబయోటిక్కే. చిక్కల్లా అది వాడాల్సిన కాలంతోనే. ఎర్లీషియాకు సాధారణంగా 28 రోజులు వాడమంటారు. రోజుకు రెండు పూటలైతే మొత్తం 56 సార్లు మాత్ర మింగించాలి.

తమాషా ఏంటంటే, జబ్బు తొలిదశలో ఉండగా మందు మొదలుపెడితే ఒకట్రెండు రోజుల్లోనే కుక్క లేచి తిరుగుతుంది. గిన్నె నాకుతుంది. గేటు దగ్గర మొరుగుతుంది. 'తగ్గిపోయిందిగా, పాపం ఇంకెందుకు దాన్ని బాధపెట్టడం' అనిపిస్తుంది మనకు. సరిగ్గా అక్కడే కోర్సు ఆగిపోతుంది. పైకి జబ్బు లక్షణాలేవీ కనిపించకుండానే ఆ బ్యాక్టీరియా ఒంట్లో నెలలు, ఒక్కోసారి ఏళ్లు దాక్కోగలదు. ముదిరితే రక్తకణాలు తయారయ్యే ఎముక మూలుగనే దెబ్బతీస్తుంది. అప్పుడిక మందు పనిచేస్తుందన్న భరోసా ఉండదు.

మూర్ఛ వచ్చే కుక్కల సంగతీ ఇలాంటిదే. ఫినోబార్బిటోన్ లాంటి మాత్రలు ఏళ్ల తరబడి, వేళ తప్పకుండా పడాలి. ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ ఇంకా ఎక్కువవుతాయి. అందుకే మందు ఒక్కరోజు ఎలాగోలా మింగించడం గొప్ప కాదు. ఆఖరి మాత్ర దాకా అది మన దగ్గరికి తోకాడించుకుంటూ రావాలి. అదీ అసలు విజయం!

ముందు ముక్కు... తర్వాతే నాలుక

ఎంత జాగ్రత్తగా దాచినా కుక్క ఎలా కనిపెట్టేస్తుంది?

వాసనలు పసిగట్టే గ్రాహకాలు మన ముక్కులో 50-60 లక్షలుంటే కుక్క ముక్కులో 20 కోట్లకు పైమాటే. రుచి మొగ్గల దగ్గర మాత్రం మనదే పైచేయి. మనకు సుమారు తొమ్మిది వేలు, దానికి 1,700. అయితే ఆ కాసిని మొగ్గలతోనే చేదును బాగా గుర్తుపడుతుంది. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ ఉంది చూశారూ... మనమే ముఖం చిట్లించేంత చేదు. ఆ మాత్ర నోట్లో చిట్లితే కొన్ని కుక్కలు నురగలు కక్కుతూ చొంగ కారుస్తాయి. చూసినవాళ్లు విషమేమోనని హడలిపోతారు. చాలాసార్లు అది చేదును కడిగేసుకోవడానికి నోరు పడే పాటే. కాసేపటికి సర్దుకుంటుంది. తగ్గకపోయినా, కుక్క మగతగా, అదోలా ఉన్నా డాక్టరుకు చూపించాలి.

ముక్కు, నాలుకలను మించింది ఇంకోటుంది... జ్ఞాపకం. గంట మోగగానే కుక్క నోట్లో లాలాజలం ఊరడం గురించి స్కూల్లో చదువుకునే ఉంటారు. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాలవి. ఒక చప్పుడుకూ తర్వాత జరిగే దానికీ కుక్క ఎంత గట్టిగా ముడిపెట్టుకుంటుందో ఆయన చూపించారు. మన ఇంట్లోనూ రోజూ జరిగేది అదే. నాలుగు రోజులు పోయాక స్ట్రిప్ చిటుక్కుమన్న చప్పుడు వినపడితే చాలు, టామీ మంచం కిందికి దూరుతుంది. దానికి మాత్రంటే కోపం కాదు. మాత్ర వెనకాలే వచ్చే పెనుగులాటంటే భయం.

కాబట్టి చేయాల్సినవి రెండే. మాత్ర నాలుకకు తగలకుండా గొంతు దాటాలి. ఆ చప్పుడు వెనకాల మంచి జరుగుతుందని దానికి నమ్మకం కుదరాలి.

మూడు ముద్దల మంత్రం

తిండి బాగా తింటున్న కుక్క దగ్గర తేలిగ్గా పారే కిటుకు ఇది. ఉసిరికాయకన్నా చిన్నవి మూడు ముద్దలు చేయండి. మొదటి దాంట్లో ఏమీ ఉండదు. రెండోదాంట్లో మాత్ర. మూడోది మళ్లీ ఖాళీ.

మొదటిది పెట్టగానే లటుక్కున మింగేస్తుంది. అనుమానం తీరిపోతుంది. వెంటనే రెండోది అందిస్తూ మూడోది ముక్కు ముందే ఆడించండి. మూడోదాని మీద ఆశతో రెండోదాన్ని నమలకుండా గుటుక్కుమనిపిస్తుంది. ఆ మూడోది తప్పకుండా పెట్టేయాలి. ఆశ చూపించి ఎగ్గొడితే రేపు మళ్లీ నమ్మదు.

ఇందులో మరికొన్ని మెలకువలున్నాయి. ముద్ద చిన్నగా ఉండాలి. పెద్దదైతే నములుతుంది, నమిలితే దొరికిపోతాం. మాత్ర పట్టుకున్న చేత్తో ముద్ద చేయకూడదు. ఆ వాసన ముద్ద పైకి అంటుకుంటుంది. ఒక చేత్తో మాత్ర లోపల పెట్టి, రెండో చేత్తో మూసేయడం మేలు. కాస్త ఆకలి మీదున్నప్పుడు, అంటే భోజనానికి ముందు పెడితే పని తేలిక. ఇంట్లో రెండు కుక్కలుంటే మాత్ర వేసేటప్పుడు రెండోదాన్ని వేరే గదిలో ఉంచాలి. లేకపోతే ఒకదాని మందు ఇంకోటి మింగేస్తుంది.

ముద్ద దేంతో చేయాలి? బజారుకు పరుగెత్తక్కర్లేదు. ఇడ్లీ ఉందిగా! మెత్తగా ఉంటుంది, నొక్కితే చక్కగా మూసుకుంటుంది. ఉడికించిన చిలగడదుంప, అరటిపండు ముక్క, ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడి కార్జం, గుడ్డు పచ్చసొన... ఇవన్నీ పనికొస్తాయి. షుగరో, కిడ్నీ జబ్బో ఉన్న కుక్కకైతే ఏది పెట్టొచ్చో ముందే డాక్టరును అడగాలి.

పెరుగన్నంతోనే పేచీ

మన ఇళ్లలో కుక్కకు పెరుగన్నం పెట్టడం మామూలే. మాత్ర నలిపి అందులో కలిపేయడం ఇంకా మామూలు. ఇబ్బందంతా అక్కడే.

ఒకటి... డాక్సీసైక్లిన్‌కూ పాల పదార్థాలకూ పడదు. పాలు, పెరుగు, పనీర్‌లలోని క్యాల్షియం ఆ మందుతో ముడిపడి, దాన్ని ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు. పాత టెట్రాసైక్లిన్‌తో పోలిస్తే ఈ తంటా తక్కువే కానీ, అసలు లేకుండా పోదు. ఇంత కష్టపడి మింగించిన మందులో కొంత వృథా అవుతుందన్నమాట. కాబట్టి ఈ మాత్రకు ఇడ్లీ, పెరుగన్నానికి మరో పూట.

రెండు... గిన్నెడు అన్నంలో కలిపితే సగం తిని వదిలేసినప్పుడు మందు ఎంత లోపలికి పోయిందో ఎవరికీ తెలియదు. పైగా అన్నం చేదెక్కిందని ఆ గిన్నెనే అనుమానించడం మొదలుపెడుతుంది. జబ్బుతో ఉన్న కుక్క తిండి కూడా మానేస్తే అసలుకే మోసం.

మూడు... అన్ని మాత్రలనూ నలపకూడదు. కొన్నింటిమీద ఉండే పూత, మందు కడుపులో కాక పేగుల్లోకి వెళ్లాక కరగడానికే. కొన్ని మెల్లమెల్లగా కరిగేలా తయారుచేస్తారు. వాటిని పొడి చేస్తే అసలు ఉద్దేశమే దెబ్బతింటుంది. విరవొచ్చా, నలపొచ్చా అన్నది మందు కొనేటప్పుడే కనుక్కోవాలి.

నోట్లో వేయక తప్పనప్పుడు

జ్వరంతో మూలుగుతున్న కుక్క ఇడ్లీ కాదు కదా, కార్జం పెట్టినా మొహం తిప్పుకుంటుంది. అప్పుడు చేత్తో మింగించక తప్పదు. అదేమీ కుస్తీ కాదు. పద్ధతి తెలిస్తే పది సెకన్ల పని.

చిన్న కుక్కనైతే ఒళ్లో కూర్చోబెట్టుకోండి. పెద్దదాన్ని గోడ మూలకు వీపు ఆనేలా కూర్చోబెడితే వెనక్కి జరగలేదు. ఎడమచేతిని మూతి పైనుంచి పోనిచ్చి, బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు రెండోవైపు కోరపళ్ల వెనక ఉండేలా పై దవడను పట్టుకోండి. ముక్కును మెల్లగా పైకెత్తితే కింది దవడ దానంతటదే వదులవుతుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య మాత్ర ఉంచుకుని, మధ్యవేలితో ముందరి చిన్నపళ్ల మీద నొక్కితే నోరు తెరుచుకుంటుంది. మాత్రను నాలుక మీద వీలైనంత వెనక్కి, సరిగ్గా మధ్యలో వేసేయండి. పక్కకు పడితే నమిలేస్తుంది, ముందు పడితే ఉమ్మేస్తుంది. వెంటనే నోరు మూసి, తల మామూలుగా ఉంచి, గొంతు కింద మెల్లగా నిమరండి. నాలుకతో ముక్కు నాక్కుందంటే మింగేసినట్టే లెక్క.

అక్కడితో అయిపోలేదు. పొడి మాత్ర ఒక్కోసారి అన్నవాహికలోనే ఆగిపోతుంది. డాక్సీసైక్లిన్ అలా ఆగితే లోపల పుండు పడే ప్రమాదముంది. అందుకే వెనకాలే ఒక ముద్ద తిండో, సిరంజీతో కాసిని నీళ్లో పట్టాలి. మాత్ర మీద కాస్త నెయ్యి రాస్తే జారుడుగా ఉంటుంది.

ముక్కు చప్పిడిగా ఉండే పగ్ లాంటి జాతులతో మరింత జాగ్రత్త. 2003లో వచ్చిన హచ్ ప్రకటనతో మన దగ్గర ఇంటింటి ముద్దుబిడ్డయిన జాతి అది. దానికి మామూలుగానే ఊపిరి తీసుకోవడం కష్టం. మూతిని ఎక్కువసేపు మూసి పట్టుకోకూడదు.

సిరప్ అయితే సూదిలేని సిరంజీతో పట్టాలి. తల పైకెత్తి గొంతులో పోయడం ప్రమాదం. మందు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా రావచ్చు. తల నిటారుగానే ఉంచి, పెదవి చివర దవడకూ పళ్లకూ మధ్య ఉండే సందులోకి సిరంజీ కొన పోనిచ్చి, కొంచెం కొంచెంగా వదలాలి. అది గుటక వేసేదాకా ఆగి, తర్వాత మరికొంచెం.

గుర్రుమంటే ఆగిపోండి

కుక్క గుర్రుమన్నా, పెదవులు పైకి లేపి పళ్లు చూపించినా అక్కడితో ఆపేయాలి. ఎంత పెంపుడుదైనా నొప్పిలో ఉన్నప్పుడు కరవొచ్చు. దాని నోట్లో చేయి పెట్టే పని పిల్లలకు ఎప్పుడూ అప్పగించొద్దు. 'మూడో ముద్ద' పెట్టే ముద్దైన బాధ్యత వాళ్లకివ్వండి, చాలు. ఒకవేళ కరిస్తే, పెంపుడు కుక్కే కదా అని ఊరుకోకుండా గాయాన్ని ధారగా పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మాత్ర పడటం లేదని డాక్టరుకు చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు. నాలుగు రోజులు వేసి, మిగతావి వేసేశామని చెప్పేవాళ్లూ ఉంటారు. దానివల్ల నష్టపోయేది నోరులేని జీవం. మందు పనిచేయలేదనుకుని డాక్టరు ఇంకా ఘాటైన మందుకు మారిపోవచ్చు. నిజం చెబితే దారులు చాలానే ఉన్నాయి. కొన్ని మందులు సిరప్‌గా దొరుకుతాయి, కొన్ని ఇంజెక్షన్లుగా. రెండు పూటల మాత్రను ఒక పూటకు మార్చే వీలుండొచ్చు. చేదు మాత్రను ఖాళీ క్యాప్సూల్‌లో పెట్టి వేయమనొచ్చు. పిడుదులు పట్టకుండా మెడ వెనక చర్మం మీద వేసే చుక్కల మందులూ, మాంసం రుచితో నమిలే బిళ్లలూ ఉన్నాయి. ఆ బిళ్లల్లో కొన్ని ఫిట్స్ చరిత్ర ఉన్న కుక్కలకు ఇబ్బంది కలిగించొచ్చు కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి. మరో మాట... రుచిగా ఉండే మాత్రల డబ్బాను కుక్కకు అందకుండా దాచాలి. మిఠాయి అనుకుని మొత్తం తినేస్తుంది.

ఒక పూట మర్చిపోతే రెండోపూట రెండేసి వేయకూడదు. మాత్ర వేశాక వాంతి చేసుకుంటే అందులో మాత్ర ఉందేమో చూసి, మళ్లీ వేయాలో వద్దో డాక్టరునే అడగాలి. దగ్గర్లో క్లినిక్ లేనివాళ్లకు ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ లాంటి చోట్ల పశువైద్య కళాశాలలూ ఉన్నాయి.

ఇవి వద్దే వద్దు

పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్: ఒళ్లు వెచ్చగా ఉందని ఇంట్లో ఉన్న మాత్ర వేసేయొద్దు. కుక్క మామూలు ఉష్ణోగ్రతే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మన చేతికి అది జ్వరంలాగే తగులుతుంది. పారాసెటమాల్ ఎక్కువైతే కాలేయం, మిగతా రెండింటితో కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి.

చింతపండు, ద్రాక్ష, కిస్‌మిస్: ద్రాక్ష కుక్కల కిడ్నీలను పాడుచేస్తుందని ఎప్పట్నుంచో తెలుసు. కారణం టార్టారిక్ ఆమ్లం కావొచ్చని 2021లో అమెరికా పశువైద్యులు ప్రతిపాదించారు. అదే ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంటుంది. పులిహోర, చారన్నం ముద్దల్లో మాత్ర పెట్టొద్దు.

ఉల్లి, వెల్లుల్లి: ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. కూరలోంచి తీసి కడిగిన ముక్కయినా, ఉప్మా ముద్దయినా పనికిరాదు.

చాక్లెట్, షుగర్‌ఫ్రీ తీపి పదార్థాలు: చాక్లెట్‌లోని థియోబ్రొమైన్ కుక్కకు విషం. షుగర్‌ఫ్రీ పీనట్‌బటర్‌లో, చూయింగ్‌గమ్‌లో ఉండే జైలిటాల్ రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది.

మందు లేని రోజే మంచిరోజు

ఈత నేర్చుకోవాల్సింది వరద వచ్చాక కాదు కదా. మాత్ర మింగడమూ అంతే. కుక్క ఆరోగ్యంగా, హుషారుగా ఉన్న రోజుల్లోనే అలవాటు చేయాలి. వారానికి రెండుమూడుసార్లు ఖాళీ ముద్దలు పెట్టండి. రోజుకొకసారి మూతి పట్టుకుని, పెదవి ఎత్తి పళ్లు చూసి, ఒక ముక్క పెట్టి వదిలేయండి. పాత స్ట్రిప్‌ను చిటుక్కుమనిపించి ఇష్టమైంది అందించండి. సూదిలేని సిరంజీతో నూనె, మసాలా లేని చికెన్ ఉడికించిన నీళ్లు నాలుగు చుక్కలు నాకించండి. పిల్లగా ఉన్నప్పుడే మొదలుపెడితే మరీ మంచిది. నులిపురుగుల మందు ఎలాగూ అప్పట్నుంచే వేయాలి.

పెద్ద కుక్కకు నేర్పలేమని నిరాశ పడక్కర్లేదు. చేదు అనుభవాలున్నా, తొందరపెట్టకుండా కొన్ని వారాలు ఆడుకుంటున్నట్టే చేస్తే మారుతుంది. చోటు మార్చండి. వంటింట్లో పట్టుకుని వేసేవారైతే ఇకనుంచి వరండాలో కూర్చుని పెట్టండి. మింగిన వెంటనే మెచ్చుకుని, కాసేపు బంతాటో, వీధి చివరి దాకా షికారో అలవాటు చేయండి. స్ట్రిప్ చప్పుడు విని మంచం కిందికి దూరే టామీ, అదే చప్పుడుకు చెవులు నిక్కించి ఎదురు రావడం మొదలుపెడితే... 56 కాదు, వంద మాత్రలైనా మంచం కింద దొరకవు!